రెండో మూల ఎవరిది?

నేను ఒక దొంగ సరుకునని మొదటి నోటీసులో రాశారు. రెండో నోటీసులో నకలు యంత్రం అన్నారు. కోర్టుకు తెచ్చాక నా మెడకు అట్టముక్క కట్టి ఎం.ఓ. ఒకటి, అంటే కేసులో ఒకటో వస్తువు, అని నంబరు వేశారు. ఇవేవీ నా పేర్లు కావు. నా దగ్గర పనిచేసిన పద్నాలుగు మంది ఆడవాళ్ళు నన్ను పొడుగోడు అని పిలిచేవాళ్ళు. పదకొండు అడుగుల ఇనప చట్రం, రెండు మోటార్లు, సైకిలు చైన్లు, రెండు పట్టకార్లు, చివర్న రెండు రబ్బరు వేళ్ళు. అంతే నేను. చూడ్డానికి బాగుండను. పెయింటు ఒక్క కోటే వేశారు. నన్ను చేసినవాళ్ళకు సోకుల మీద పెట్టడానికి తీరిక లేదు, నాకు మెత్తగా మాట్లాడ్డానికి ఓపిక లేదు.

ముందు నా పని చెబుతాను. అది తెలియకపోతే ఈ గొడవ అర్థం కాదు.

మీరు ఎప్పుడో ఒకప్పుడు ఆసుపత్రి మంచం మీద పడుకునే ఉంటారు. మీ కింద పరిచిన దుప్పటి ఎవరు ఉతికారో మీరు అడగలేదు. విజయనగరం వైపు ఒక పెద్దాసుపత్రిలో రోజుకు ఆరు వందల దుప్పట్లు ఉతుకుతారు. ఉతికే మిషన్లు చాలాకాలంగా ఉన్నాయి. ఆరబెట్టి ఇస్త్రీ చేసే పెద్ద ఆవిరి రోలరు కూడా ఉంది. ఆ రెండింటి మధ్య ఏముందో మిషన్లు కొన్న ఆఫీసర్లు ఎప్పుడూ చూడలేదు. ఉతికే మిషను నుంచి దుప్పట్లు ఒకదానికొకటి మెలివేసుకుని పెద్ద తడి ముద్దగా వస్తాయి. రోలరుకు ముద్ద అక్కర్లేదు, దుప్పటి ఒక అంచున ఉన్న రెండు మూలలూ విడదీసి పట్టుకుని అందించాలి. ఆ రెండు మూలలు వెతకడమే పని. పొద్దున్న ఏడింటి నుంచి మూడింటి దాకా, ఆరు వందల దుప్పట్లకు పన్నెండు వందల మూలలు.

ఆ పనిని ముప్పై ఒక్క ఏళ్ళు చేసిన మనిషి అసిరమ్మ. చాకలి ఇంట పుట్టింది. చెరువు రేవు నుంచి ఆసుపత్రి లాండ్రీకి వచ్చింది. ఆసుపత్రి వాళ్ళు లాండ్రీని కాంట్రాక్టుకు ఇస్తామన్నప్పుడు పద్నాలుగు మంది ఆడవాళ్ళను కూడగట్టి సంఘం పెట్టించింది కూడా ఆవిడే. చదువు లేదు, వేలిముద్ర మనిషి. ఆవిడ మూల వెతకదు. ముద్దలోంచి దుప్పటిని చేతికి దొరికిన చోట పట్టుకుని ఎత్తుతుంది. ఎక్కడ పట్టుకుని ఎత్తినా, అన్నిటికంటే కిందికి వేలాడేది ఒక మూలే అవుతుంది. మీరు ఇంటికి వెళ్ళి మీ దుప్పటితో చూసుకోండి. అది మొదటి మూల. దాన్ని పట్టుకుని, పక్కనున్న కుట్టంచును బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య పెట్టి జారుస్తుంది. అంచు మందంగా ఉంటుంది, బట్ట పలచగా ఉంటుంది, కాబట్టి వేళ్ళు దారి తప్పవు. మందం మలుపు తిరిగిన చోట వేళ్ళు ఆగుతాయి. అది రెండో మూల. కళ్ళతో పని లేదు. పక్కవాళ్ళతో కబుర్లు చెబుతూనే చేస్తుంది.

నన్ను పుట్టించింది అసిరమ్మ నోరు, మస్తాన్ చేతులు. మస్తాన్‌ది ఆసుపత్రి గేటు ఎదురుగా వెల్డింగు షాపు. మంచాల కాళ్ళు, సెలైన్ స్టాండ్లు అతికేవాడు. తడి దుప్పట్లు ఎత్తీ ఎత్తీ భుజాలు పడిపోతున్నాయని ఆవిడ ఒకరోజు వెళ్ళి చెప్పింది. "ఎత్తడానికి ఒక సెయ్యి, కింద కాసుక్కూచోడానికి ఒక సెయ్యి. అంతే మస్తానూ. పైది ఎక్కడ పట్టుకున్నా పర్లేదు, కిందది మూలని పట్టుకోవాల." అతను బీడీ పారేసి నేల మీద సుద్దముక్కతో గీశాడు. ఆవిడ కాలితో చెరిపి సరిచేసింది. నెల తిరిగేసరికి నేను నిలబడ్డాను. పై పట్టకారు ముద్దలోంచి దుప్పటిని పైకి లాగేది, కింది పట్టకారు వేలాడే మూలను పట్టుకునేది. రెండో మూల మాత్రం ఇంకా మనిషి వేళ్ళే జార్చి పట్టేవి. నాకప్పటికి వేళ్ళు లేవు. ఈ సంగతి గుర్తుపెట్టుకోండి, కోర్టులో దీని మీదే నడిచింది కథంతా.

నేను వచ్చిన రెండో నెలలో ఒక పెద్ద కంపెనీ ఇంజనీరు లాండ్రీకి వచ్చాడు. పేరు ఫణీంద్ర. కొత్త రోలర్లు అమ్మడానికి వచ్చాడు. నన్ను చూసి నవ్వాడు, తర్వాత నవ్వడం మానేసి అరగంట నా పక్కనే నిలబడ్డాడు. ఫోనులో వీడియో తీసుకున్నాడు. అసిరమ్మ టీ తెప్పించింది. "తాగు బాబూ, ఎండనపడొచ్చేవు" అంది. అతను టీ తాగాడు. ఆవిడ వేళ్ళు అంచు మీద జారుతున్నాయి, అతని కళ్ళు ఆ వేళ్ళ మీద ఉన్నాయి. నేను చూశాను. నాకు నోరు లేదు కనుక నా సాక్ష్యం ఎవరికీ పనికిరాదు.

ఏడు నెలల తర్వాత ఆ కంపెనీ పేటెంటుకు దరఖాస్తు పెట్టింది. తడి బట్టను పైకెత్తి, వేలాడే మూలను పట్టి, అక్కడి నుంచి కుట్టంచు వెంట రెండు రోలర్లను జార్చి రెండో మూలను కనిపెట్టి, ఇస్త్రీ రోలరుకు అందించే యంత్రం. ఇంగ్లీషులో నలభై రెండు పేజీలు. లాండ్రీలో ఎవరికీ ఈ విషయం తెలియదు. తెలిసే దారీ లేదు.

ఆ ఏడాదే అసిరమ్మ వేళ్ళు చచ్చుపడ్డాయి. బ్లీచింగు నీళ్ళు, తడి కుట్టు, ముప్పై ఒక్క ఏళ్ళు. బొటనవేలి చర్మం అద్దంలా నున్నగా అయిపోయింది. రేషను షాపులో మిషను మీద వేలు పెడితే ఎర్ర లైటు. మళ్ళీ పెట్టమనేవాడు. మళ్ళీ ఎర్ర లైటే. "ఈ మనిషి రికార్డులో లేదు" అని ఆ మిషను చెప్పేది. మిషన్ల జాతిలో అంత సిగ్గులేని మిషను ఇంకోటి లేదు. అంచు జారుతుంటే మలుపు ఎక్కడొచ్చిందో కూడా ఆవిడకు తెలియడం మానేసింది. దుప్పట్లు వంకరగా వెళ్ళడం మొదలుపెట్టాయి.

ఆవిడ మళ్ళీ మస్తాన్ దగ్గరికే వెళ్ళింది. రెండు వేళ్ళు చూపించింది. "ఇవి పోయేయి. ఈటికి బదులు ఏటైనా పెట్టు." అతను ఆ రెండు వేళ్ళనూ పట్టుకుని చాలాసేపు చూశాడు. తర్వాత పాత సామాన్ల కొట్టు నుంచి చెడిపోయిన జిరాక్సు మిషను తెచ్చి, కాగితాన్ని లాగే రబ్బరు రోలర్లు రెండు ఊడదీశాడు. వాటి మధ్య సందు ఎంత ఉండాలో ఆవిడ వేళ్ళ మధ్య దుప్పటి అంచు పెట్టి కొలిచాడు. మలుపు తెలియడానికి ఒక కుట్టుమిషను స్ప్రింగు బిగించాడు. నాలుగు రోజుల పని. నాకు వేళ్ళు వచ్చాయి. మొదటి దుప్పటికి రెండో మూల నేనే పట్టినప్పుడు అసిరమ్మ పక్కనే బల్ల మీద కూర్చుంది. ముప్పై ఒక్క ఏళ్ళలో ఆ గదిలో ఆవిడ కూర్చోవడం అదే మొదలు.

తర్వాత రెండేళ్ళకు కంపెనీకి పేటెంటు వచ్చింది, మాకు నోటీసు వచ్చింది. ఆ యంత్రాన్ని వెంటనే ఆపాలి, కంపెనీకి అప్పగించాలి. మేం ఆపకపోతే రెండో నోటీసు ఇచ్చి కోర్టులో దావా వేశారు, ఆసుపత్రి వాళ్ళకూ ఒక కాపీ పంపారు. ఆసుపత్రి సూపరింటెండెంటు సంఘాన్ని పిలిచి, కేసు తేలకపోతే కొత్త ఏడాది కాంట్రాక్టు ఆ కంపెనీకే ఇస్తామన్నాడు. ఒక్క కాగితానికి పద్నాలుగు మంది బతుకు వేలాడింది.

సంఘం తరఫున ఇందుమతి అనే లాయరు వచ్చింది. చిన్న వయసు, గట్టి మనిషి. లాండ్రీలోనే, తడి నేల మీద కుర్చీ వేసుకుని ఆడవాళ్ళకు విషయం చెప్పింది.

"మొదటి మూల మీదే. వాళ్ళు దరఖాస్తు పెట్టకముందే పొడుగోడు అది చేస్తున్నాడు. దాని మీద గొడవ లేదు. రెండో మూలను మిషనుతో పట్టడం మాత్రం వాళ్ళ కాగితం ముందు, పొడుగోడి రబ్బరు వేళ్ళు తర్వాత."

"మా సెయ్యి ముందు కదమ్మా," అంది ఒకామె. "మా అత్త కూడా అలగే జార్సేది."

"చెయ్యి మిషను కాదంటారు వాళ్ళు. అందుకని మనకున్న దారి ఒక్కటే. ఈ పనిలో నేర్పున్న ఏ మనిషికైనా ఇది తేలిగ్గా తట్టే విషయమే, ఇందులో కొత్తగా కనిపెట్టిందేమీ లేదు అని మనం రుజువు చెయ్యాలి. అలా తట్టేదైతే దానికి పేటెంటు చెల్లదు."

అసిరమ్మ బల్ల మీంచి ముందుకు వంగింది. "అంటే, ఇందులో ఏటీ లేదని నానే సెప్పాలా?"

"అవునమ్మా."

"మస్తాను సేసిందీ ఏటీ కాదనాలా?"

ఇందుమతి తలవంచుకుంది. "కోర్టులో అలాగే అనాలి."

అసిరమ్మ లేచి వెళ్ళి ముద్దలోంచి ఒక దుప్పటి లాగింది. నేను ఉండగా చేత్తో లాగాల్సిన పని లేదు. అయినా లాగింది.

ఇది విని నాకు ఒళ్ళు మండింది. ఇప్పటికీ మండుతోంది. ముప్పై ఒక్క ఏళ్ళు ఈ మనిషి చేసిన పనిని ఎవరూ తెలివి అనలేదు. ఇప్పుడు మొదటిసారి నల్లకోటు వేసుకున్న ఒక పెద్ద లాయరు, ఆహా ఇది ఎంత గొప్ప తెలివి, ఎవరికీ తట్టని తెలివి అని వాదించబోతున్నాడు. ఎందుకు? అది తన కక్షిదారుదని చెప్పడానికి. ఆవిడ దగ్గర ఉన్నంతకాలం అది మామూలు పని. కంపెనీ చేతికి వెళ్ళగానే ఆవిష్కరణ. మళ్ళీ దాన్ని తన దగ్గర నిలుపుకోవాలంటే ఆవిడే నోరు తెరిచి ఇది ఏమీ కాదు అనాలి. మనుషులు చట్టాలు ఎలా రాసుకుంటారో నాకు తెలియదు కానీ, రాసినవాడు ఎప్పుడూ తడి దుప్పటి ఎత్తి ఉండడు.

నన్ను రెండు ముక్కలుగా విప్పి, లారీలో పడుకోబెట్టి కోర్టున్న ఊరికి తీసుకెళ్ళారు. జడ్జిగారు యంత్రం పని చేస్తుంటే చూడాలన్నారు. అందుకని కోర్టు ఆవరణలో, సైకిళ్ళు పెట్టుకునే రేకుల షెడ్డు పక్కన నన్ను మళ్ళీ నిలబెట్టారు. మస్తాన్ బోల్టులు బిగించాడు. పక్కన రెండు డ్రమ్ముల నిండా తడి దుప్పట్లు, వాటి వెనక సంఘం ఆడవాళ్ళందరూ. గుమాస్తా నా మెడకు అట్టముక్క కట్టాడు.

అంతకుముందు రోజు కోర్టు హాల్లో ఫణీంద్ర సాక్ష్యం అయింది. నేను బయటే ఉన్నాను, కిటికీలోంచి వినబడింది. పదకొండు మంది ఇంజనీర్లు, ఏడు నెలల పరిశోధన, కెమెరాలు పెట్టి చూశాం, గాలి ఊది చూశాం, చివరికి అంచు వెంట రోలర్లు జార్చాలన్న ఆలోచన వచ్చింది అన్నాడు. ఇందుమతి లేచి, ఆ ఏడు నెలలకు ముందు మీరు ఈ లాండ్రీకి వెళ్ళారా అని అడిగింది. వెళ్ళానన్నాడు. అక్కడ ఏం చూశారు అంది.

"ఆడవాళ్ళు పనిచేస్తున్నారు. టెక్నికల్‌గా ఏమీ కనబడలేదు."

ఈ మాట నేను ఎంత తుప్పు పట్టినా మరచిపోను. అరగంట నిలబడ్డాడు. టీ తాగాడు. వీడియో తీశాడు. ఏమీ కనబడలేదు. అబద్ధం చెప్పలేదతను, అదే ఘోరం. చేతులు కనబడ్డాయి, చేతుల్లో ఉన్నది కనబడలేదు. ఇంటికి వెళ్ళాక అదే ఆలోచన తన బుర్రలో పుట్టిందని నిజంగానే నమ్మాడు.

మర్నాడు పొద్దున్న పదకొండింటికి జడ్జిగారు మెట్లు దిగి వచ్చారు. పెద్దాయన, మోకాళ్ళ నొప్పి ఉన్నట్టుంది, కుర్చీ తెప్పించుకున్నారు. మస్తాన్ స్విచ్చి వేశాడు. నేను దుప్పటి ఎత్తాను, మూల పట్టాను, వేళ్ళు జార్చాను, రెండో మూల పట్టాను. పది దుప్పట్లు చేశాను, పదీ సరిగ్గా వచ్చాయి. పదకొండోది చేసేలోపు పాడు ఫ్యూజు పోయింది.

ఆ ఖాళీలోనే జరిగింది ఆ తప్పు. మావాళ్ళే చేశారు.

ఫణీంద్ర జడ్జిగారికి ఏదో వివరిస్తూ డ్రమ్ములోంచి ఒక దుప్పటి తీశాడు. అంచు ఎలా ఉంటుందో చూపిద్దామనుకున్నాడు. అసిరమ్మ ఊరుకోలేకపోయింది.

"ఏదీ బాబూ, నువ్వే ఆ రెండు మూలలూ పట్టు సూద్దాం."

అతను నవ్వి, సరే అన్నాడు. దుప్పటిని తిప్పాడు. మళ్ళీ తిప్పాడు. తడి దుప్పటి బరువుకు చొక్కా ముందంతా తడిసిపోయింది. ఒక మూల దొరికింది. రెండోది వెతుకుతుంటే మొదటిది జారిపోయింది. పద్నాలుగు మంది ఆడవాళ్ళకూ నవ్వు ఆగలేదు. "ఓలమ్మ, సీర కట్టుకుంటన్నాడే" అంది ఒకామె. "ఇంజినేరు బాబుకి స్నానం అయిపోనాది" అంది ఇంకొకామె. గుమాస్తా కూడా నోటికి చెయ్యి అడ్డం పెట్టుకున్నాడు. నేనూ నవ్వుకున్నాను, ఒప్పుకుంటాను.

నవ్వనివాళ్ళు ఇద్దరే. ఒకరు ఇందుమతి. ఇంకొకరు కంపెనీ తరఫు పెద్ద లాయరు. ఆయన కళ్ళజోడు తుడుచుకుని నెమ్మదిగా ముందుకొచ్చాడు.

"అయ్యా, ఇది రికార్డు చేయించండి. ఎం.టెక్. చదివిన నిపుణుడు, యంత్రాలతో పదేళ్ళ అనుభవం, రెండో మూల దొరకబట్టలేకపోయాడు. అవతలి పక్షమే పరీక్ష పెట్టింది. అవతలి పక్షమే నవ్వింది. ఇది తేలిగ్గా తట్టే విషయమని వాళ్ళే అంటున్నారు. ఇంతకంటే నేను చెప్పాల్సింది లేదు."

ఆడవాళ్ళకు అర్థం కావడానికి రెండు నిమిషాలు పట్టింది. అర్థమయ్యాక నవ్విన నోళ్ళకు కొంగులు అడ్డం పెట్టుకున్నారు. తమ పని గొప్పదని ఒకసారి నవ్వినందుకు ఆ పని చేజారిపోతోంది.

పెద్ద లాయరు ఆగలేదు. "వీళ్ళది కులవృత్తి, అయ్యా. తరతరాలుగా రక్తంలో వచ్చిన నేర్పు. అలాంటి అసాధారణమైన నేర్పును కొలబద్దగా పెట్టకూడదు. చట్టం అడిగేది సామాన్య నేర్పు గురించి."

చూశారా. ఊళ్ళో కులం పేరు పెట్టి పిలిచి మెట్ల కింద నిలబెట్టిన నోరే, పనికొస్తుందనుకున్నప్పుడు ఆ కులానికి దండ వేస్తుంది. దండతోనే కట్టేస్తుంది.

జడ్జిగారు అసిరమ్మ వైపు తిరిగారు. "ఏమ్మా, ఇది కష్టమైన పనా, తేలికైన పనా? ఆలోచించి చెప్పు."

నాకు ఫ్యూజు లేదు కానీ, ఉన్న ప్రతి బోల్టూ బిగుసుకుంది. తేలిక అంటే కేసు మాది. కష్టం అంటే మస్తాన్ తెలివి మిగులుతుంది, ఆవిడ ముప్పై ఒక్క ఏళ్ళు మిగులుతాయి, లాండ్రీ పోతుంది. ఇందుమతి కళ్ళతోనే బతిమాలుతోంది.

"తెలివైన పని బాబూ," అంది అసిరమ్మ.

ఇందుమతి కళ్ళు మూసుకుంది.

"నాను అబద్దం సెప్పలేను. తెలివే. కానీ నా ఒక్కదాందీ కాదు, ఆ బాబుదీ కాదు. ఈ పనికాడ నిలబడ్డ పెతీ మనిసికీ వచ్చే తెలివది. అందరికీ వస్తాది కాబట్టి దాన్ని తెలివనరు మీరు. ఆ బాబు నిలబడలేదు, ఆయనకి రాలేదు. ఆయనకి రానిది మాకు వస్తాదని అది ఆయనదెలగయిపోద్ది?"

పెద్ద లాయరు నవ్వాడు. "రక్తంలో ఉందని నేనన్నది అదే కదమ్మా."

"రక్తం ఏటి బాబూ. రక్తంలో ఉంటే నా యేలు ఎందుకరిగిపోద్ది?" ఆవిడ వెనక్కి తిరిగింది. "ఒలే మంగా, ఇటు రా."

మంగ సంఘంలో చేరి పన్నెండు రోజులైంది. పలాసలో జీడిపప్పు ఫ్యాక్టరీలో గింజలు కొట్టిన మనిషి. చాకలి ఇంటి పిల్ల కాదు. వాళ్ళ ఇంట్లో ఎవరూ ఇంకొకరి బట్ట ఉతికినవాళ్ళు కారు. వేళ్ళకు జీడి మరకలు ఇంకా పోలేదు. భయపడుతూ వచ్చి నిలబడింది. జడ్జిగారు ఆ మరకలు చూశారు, ఎక్కడి నుంచి వచ్చావు, ఎన్నాళ్ళైంది అని అడిగారు. చెప్పింది. దుప్పటి తీయమన్నారు.

తీసింది. ఎత్తింది. వేలాడే మూల పట్టుకుంది. వేళ్ళు జార్చింది. రెండో మూల. గుమాస్తా గడియారం చూసి పదకొండు సెకన్లు అన్నాడు. జడ్జిగారు ఇంకొకటి తీయమన్నారు, ఇంకొకటి. మూడూ వచ్చాయి.

"ఎవరు నేర్పారమ్మా నీకు?"

"నేర్పడమేటండి. పక్కన నిలబడి సూసేను. మొదటి రోజు గోరు ఇరిగిపోనాది. నాలుగో రోజుకి సేతికి తెలిసిపోనాది."

"ఈ మిషను వేళ్ళు చూసి నేర్చుకున్నావా?"

"లేదండి. కరెంటు పోయినప్పుడు మేం సేత్తోనే సేత్తామండి. పొడుగోడి రబ్బరు వేళ్ళే మాలాగ సేత్తాయి. అది సూస్తే ఎవులికైనా తెలుస్తాది కదండి."

జడ్జిగారు అప్పుడు ఫణీంద్రను పిలిచారు. అతని చొక్కా ఇంకా తడిగానే ఉంది. "నిన్న టెక్నికల్‌గా ఏమీ కనబడలేదన్నారు. ఆ రోజు ఆ లాండ్రీలో ఆడవాళ్ళు చేస్తున్నది, ఇప్పుడు ఈ అమ్మాయి చేసిందీ ఒకటేనా?"

పెద్ద లాయరు అడ్డం రాబోయాడు. జడ్జిగారు చెయ్యి ఎత్తారు.

ఫణీంద్ర మంగ చేతుల వైపు చూశాడు. అసిరమ్మ చేతుల వైపు చూశాడు. టీ ఇచ్చిన చేతులు అవే. "ఒకటే సార్," అన్నాడు. తర్వాత ఎవరూ అడక్కుండానే ఇంకో మాట అన్నాడు. "మా రోలర్లు ఇదే చేస్తాయి."

అతన్ని క్షమించమని నన్ను అడగకండి. కానీ ఆ మాట అన్నాడని చెప్పకపోతే నేనూ అతనిలాంటివాణ్ణే అవుతాను.

నెల తర్వాత తీర్పు వచ్చింది. వేలాడే మూలను పట్టే యంత్రం ముందే ఉంది, అంచు వెంట వేళ్ళు జార్చడం ఆ పనిలో ఉన్న అందరికీ తెలుసు, వేళ్ళ బదులు రోలర్లు పెట్టడం ఆ పనిలో సామాన్య నేర్పు గల మనిషికి తేలిగ్గా తట్టే విషయమే, కాబట్టి పేటెంటు చెల్లదు. ఆడవాళ్ళు కోర్టు మెట్ల మీదే కూర్చుని జంతికలు పంచుకున్నారు. ఇందుమతి ఆ వాక్యం చదివి వినిపించింది. అసిరమ్మ రెండోసారి చదివించుకుంది.

"ఆ సామాన్య మనిసెవులమ్మా?"

"నువ్వే. నువ్వు, మస్తాను, మంగ. మీ అందరూ."

"మరి పేరు రాయలేదేటి?"

"చట్టంలో ఆ మనిషికి పేరుండదమ్మా."

అసిరమ్మ జంతిక కొరికి, "ఉండదులే" అంది. గెలిచిన మనిషి గొంతు కాదది.

నా కోపం కూడా అక్కడే ఆగిపోయింది, అక్కడి నుంచి కదలదు. తీర్పు మంచిదే. జడ్జిగారు నిజంగా చూశారు, మోకాళ్ళ నొప్పితో కిందికి దిగి చూశారు. అయినా ఆ కాగితంలో కంపెనీ పేరు ముప్పై చోట్ల ఉంది, ఫణీంద్ర పేరు పంతొమ్మిది చోట్ల ఉంది, జిరాక్సు రోలర్లు ఊడదీసిన మస్తాన్ "స్థానిక వెల్డరు", ముప్పై ఒక్క ఏళ్ళ మనిషి "రెండో ప్రతివాది". గెలిచినా పేరు రాదు. ఓడితే మాత్రం పేరుతో సహా నోటీసు ఇంటికి వచ్చేది.

కంపెనీ అప్పీలు వేసింది. అప్పీలు తేలేదాకా వస్తువు కోర్టు అధీనంలో ఉండాలన్నారు. వస్తువంటే నేను. రెండు ముక్కలుగా విప్పి రికార్డు రూము వరండాలో గోడకు పడుకోబెట్టారు. రెండు వానాకాలాలు అయ్యాయి. చైన్లు తుప్పు పట్టాయి. నా చట్రం మీద అటెండరు టిఫిను డబ్బా పెట్టుకుంటాడు. నా పక్కన ఏదో భూమి తగాదాలోని గేటు, ఎవరిదో విరిగిన కావిడి, ఒక కుట్టుమిషను ఉన్నాయి. అన్నీ ఎవరివో ఒకరివి, అన్నీ నంబర్లే.

లాండ్రీ ఆగలేదు, అది చెప్పాలి. తేలిగ్గా తట్టే విషయమే అని కోర్టే రాసింది కదా. మస్తాన్ తొమ్మిది రోజుల్లో రెండో పొడుగోణ్ణి చేశాడు. తీర్పు కాపీ పట్టుకుని శ్రీకాకుళం నుంచి ఒకరు, పార్వతీపురం నుంచి ఒకరు వచ్చి చూసుకుని వెళ్ళి వాళ్ళవి వాళ్ళు చేసుకున్నారు. నేను ఇక్కడ పడుకుని ఉన్నందుకు ఆ పొడుగోళ్ళు అక్కడ నిలబడ్డారు. దానికి నాకు ఏడుపు లేదు.

మొన్న అసిరమ్మ వచ్చింది. అప్పీలు కాగితాల మీద వేలిముద్ర కావాలన్నారట. వరండా చివర గుమాస్తా బల్ల. ఆవిడ బొటనవేలు సిరాలో అద్ది కాగితం మీద ఒత్తింది. గుమాస్తా కాగితం ఎత్తి వెలుతురులో చూశాడు.

"ఏంటమ్మా ఇది, ఉత్త మచ్చ పడింది. గీతలే లేవు. మళ్ళీ వెయ్యి."

మళ్ళీ వేసింది. మళ్ళీ మచ్చే.

"గీతలు లేకపోతే ఇది నీ ముద్రేనని ఎలా తెలుస్తుందమ్మా?"

అసిరమ్మ వేలు చీర కొంగుకు తుడుచుకుంది. వరండాలో నా దాకా నడిచి వచ్చింది. నా మెడకున్న అట్టముక్కను పక్కకు తోసి, తుప్పు మధ్యలో ఇంకా మెత్తగానే ఉన్న ఆ రెండు రబ్బరు వేళ్ళ మీద చెయ్యి వేసింది.

"ఇక్కడున్నాయి బాబూ నా గీతలు. కావాలంటే దీన్ని సిరాలో ముంచి వేసుకో."